జింకగారికి ఇంకో ముహూర్తం

మిషిగన్ రాష్ట్రంలో జింకల వేట క్యాలెండర్ ఒకసారి చూస్తే మన పంచాంగం మీద గౌరవం తగ్గిపోతుంది. సెప్టెంబరులో పిల్లలకని ఒక వారాంతం. అక్టోబరు 1 నుంచి విల్లంబులు. నవంబరు 15 నుంచి 30 దాకా తుపాకి. డిసెంబరులో, మన ఊళ్లలో నాటు తుపాకి అంటామే, గొట్టంలో మందు దట్టించి పేల్చేది, దానికి విడిగా కొన్ని రోజులు. అవి చాలవని సెప్టెంబరులోనే, ఉక్కపోత ఇంకా తగ్గకముందే, కొమ్ముల్లేని జింకల కోసం, అంటే ముఖ్యంగా ఆడవాటి కోసం, ముందస్తు తుపాకి వేట ఒకటి. దాన్ని ఉంచాలా, పెంచాలా, ఎత్తేయాలా అన్నది ఇక్కడి పెద్ద తగువు.

నేను నిష్పక్షపాతంగా రాస్తానని మాట ఇవ్వలేను. జింకలు మా పెరట్లో గోంగూర తినేశాయి. ఆకులు మాత్రమే తిని కాడలు వదిలేశాయి, వలుచుకుని తిన్నట్టు.

ముందు నవంబరు 15 సంగతి చెప్పాలి. ఈ తేదీ 1925 నుంచి మారలేదు. ఆదివారమైనా, బుధవారమైనా ముహూర్తం అదే. పల్లెల్లో చాలా బడులకు సెలవు. ముందురోజుల్లో మాకినా వంతెన మీద ఉత్తరానికి పోయే పికప్ ట్రక్కుల వరస చూస్తే సంక్రాంతి ముందు విజయవాడ హైవే టోల్‌గేటు గుర్తొస్తుంది. అక్కడ పందెంకోడి ప్రయాణిస్తుంది, ఇక్కడ రైఫిలు. అలాంటి పండక్కి రెండు నెలల ముందే ఇంకొకరు టపాకాయలు కాల్చేస్తే కడుపు మండదా?

అందరికన్నా ఎక్కువ మండేది విలుకాళ్లకు. పాపం, వేసవంతా అడవిలో తిరిగి జింక నడిచే దారి కనిపెట్టి, చెట్టు మీద మంచె కట్టుకుని, ఒంటికి మనిషి వాసన రాకుండా ప్రత్యేకమైన సబ్బుతో స్నానం చేసి అక్టోబరు కోసం ఎదురుచూస్తుంటారు. సరిగ్గా అప్పుడు ఎవరో ఢామ్మని పేల్చి జింకల్ని జిల్లా దాటిస్తారు. ఇంకొందరిది సెప్టెంబరు ఎండకు మాంసం చెడిపోతుందన్న బాధ. పిల్లలు ఇంకా తల్లి వెంటే తిరుగుతుంటాయి కదా అని ఇంకొందరంటారు. నవంబరులో ఆ తల్లినే కాల్చడానికి అభ్యంతరం లేనివాళ్లకు సెప్టెంబరులో కళ్లు చెమ్మగిల్లడం నన్ను కదిలించింది.

సహజ వనరుల శాఖ వారి లెక్క వేరు. రాష్ట్రంలో జింకలు 20 లక్షల దాకా ఉన్నాయి. 1990లలో 7 లక్షలు దాటిన వేటగాళ్లు ఇప్పుడు 6 లక్షల దగ్గర ఉన్నారు. ఉన్నవాళ్లకు వయసు మీద పడుతోంది, వాళ్ల పిల్లలేమో ఫోన్‌లో కాల్చుకుంటున్నారు. మంద తగ్గాలంటే ఆడజింకల్ని కాల్చాలి. వేటగాడికేమో కొమ్ములు కావాలి. గోడకు తగిలించడానికి ఆడజింక దగ్గర ఏముంది? మగపిల్లాడి కోసం మొక్కులు మొక్కే సమాజం నుంచి వచ్చాను గనుక ఈ మనస్తత్వం నాకు కొత్త కాదు. చట్టంలో ఇంకో సొగసుంది: మూడంగుళాలకు తక్కువ కొమ్ములున్న కుర్ర మగజింక కూడా ‘కొమ్ముల్లేని’ లెక్కలోకే వస్తుంది. మీసం సరిగా రాకపోతే ఇంతే మరి.

సమస్య మనుషులు చాలకపోవడమైతే, శాఖవారు తేదీలు పెంచుతున్నారు. పెళ్లికొడుకు దొరకలేదని ముహూర్తాలు ఎక్కువ పెట్టించినట్టుంది ఈ వ్యవహారం.

ఆమాటకొస్తే ఈ రాష్ట్రంలో ఏ భేదం చూపని వేటగాడు కారు. లైసెన్సు అక్కర్లేదు, సీజన్ లేదు, ఆడామగా తేడా లేదు. ఏటా 50 వేలకు పైగా గుద్దుళ్లు. శాఖవారు దీన్ని కూడా ఒక సీజన్‌గా ప్రకటిస్తే కనీసం రుసుమన్నా వస్తుంది.

చదువుకున్నవాళ్ల ఊరు ఆన్ ఆర్బర్‌లో ఇంకో దారి తొక్కారు. 2016లో డబ్బిచ్చి షార్ప్ షూటర్లను పిలిపించారు. ఊరు రెండుగా చీలింది. మరుసటేడు కొన్ని ఆడజింకలకు మత్తిచ్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు కూడా చేయించారు. ఎమర్జెన్సీ రోజుల్లో మన ఊళ్లలో జరిగిన కుటుంబ నియంత్రణ శిబిరాలు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. అప్పట్లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఇచ్చినట్టు జింకకు ట్రాన్సిస్టర్ రేడియో ఇచ్చారో లేదో నాకు తెలియదు.

ఇదంతా ఫోన్‌లో అమ్మకు చెబితే ఉలిక్కిపడింది. “అదేమిట్రా, కృష్ణజింక మన రాష్ట్ర జంతువు కదా, దాన్ని ముట్టుకుంటే జైలు!” నిజమే. ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక, తెలంగాణకు చుక్కల జింక. మిషిగన్ వాళ్లు కూడా తక్కువేం తినలేదు. తెల్లతోక జింకను 1997లో ‘రాష్ట్ర వేట జంతువు’గా ప్రకటించారు. మనం బిరుదిచ్చి కాపాడతాం, వీళ్లు బిరుదిచ్చి కాలుస్తారు.

గోంగూర పరువు కోసం నేను ముందస్తు వేటకే ఓటు వేద్దామనుకున్నాను. అప్పుడు ఒక నిబంధన కంటబడింది. ఇంటికి 450 అడుగుల లోపల ఇంటివాళ్ల అనుమతి లేకుండా వేటాడకూడదు. మా కాలనీలో ఎటు 450 అడుగులు కొలిచినా మధ్యలో పది ఇళ్లొస్తాయి. పదిమందినీ ఒప్పించేసరికి గోంగూర కాదు, మంచు కురుస్తుంది. సెప్టెంబరులో తుపాకులు మోగితే అడవి జింకలకు కూడా మా వీధే సురక్షితం. అంటే ముందస్తు వేట పెట్టమని అడగడం, మా పెరట్లోకి అదనపు అతిథుల్ని పిలవడమే.

మొన్న పొద్దున తల్లి, రెండు పిల్లలు కంచె దగ్గర నిలబడ్డాయి. కాఫీ కప్పుతో బయటికెళ్లి “హుష్” అన్నాను. తల్లి తల తిప్పి చూసి, నమిలింది పూర్తిగా మింగి, చిక్కుడు పాదు వైపు నడిచింది. గోంగూర ఈసారి ఇండియన్ స్టోర్‌లో కొన్నాం. కట్టలో సగం కాడలే.