పాలపిట్ట గారికి, దసరా గైర్హాజరు విషయమై

మహారాజశ్రీ పాలపిట్ట గారికి,

దసరా నాడు మీరు కనిపిస్తే ఏడాదంతా విజయమేనని నమ్మి, పండగ పూట పులిహోర సగంలో వదిలేసి మీ దర్శనానికి బయల్దేరిన ఒక కుటుంబం తరఫున రాస్తున్నాను. మీరు రాలేదు. కరెంటు తీగ మీద లేరు, తుమ్మ కొమ్మ మీద లేరు, "అక్కడైతే ఖాయంగా ఉంటుంది, నాకొదిలేయండి" అని మా మామయ్యగారు హామీ ఇచ్చిన చెరువు కట్ట మీదా లేరు. ఆ చెరువూ లేదనుకోండి, అది వేరే సంగతి.

మీరు మామూలు పిట్టయితే ఇంత బాధ లేదు. 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పక్షి. కర్ణాటకకూ మీరే, ఒడిశాకూ మీరే. ఇన్ని చోట్ల అదనపు బాధ్యతలు పెట్టుకున్నవాళ్లు ఏ సీట్లోనూ దొరకరని మాకు తెలుసు, ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లమే కదా. ఆంధ్రప్రదేశ్ వాళ్లు 2018లో మీ కుర్చీ రామచిలుకకిచ్చేస్తే అయ్యో అన్యాయం అనుకున్నాను. ఇప్పుడు వాళ్ల ఇబ్బందేమిటో అర్థమవుతోంది. రామచిలుక గోల చేసినా, చెట్టు మీద జామకాయలన్నీ కొరికి పారేసినా, కనీసం మనిషికి కనిపిస్తుంది.

మీకు ఏడాదికి ఒక్కరోజే డ్యూటీ. అజ్ఞాతవాసం ముగించుకుని వస్తున్న పాండవులకు కనిపించారట. రావణుడి మీదికి వెళ్లే రాముడికి కనిపించారట. మాదేమీ అంత పెద్ద యుద్ధం కాదు. హోమ్ లోను, పాప స్కూలు ఫీజు, మామయ్యగారి మోకాలి ఆపరేషను, అంతే. ఒక్కసారి తీగ మీద వాలి తోకాడిస్తే మీ సొమ్మేం పోయింది?

మీవాళ్లను చూసైనా నేర్చుకోవాల్సింది. తల్లిని దాస్యం నుంచి విడిపించడానికి గరుత్మంతుడు దేవలోకం మీదికే వెళ్లి అమృతం తెచ్చాడు. జటాయువు అంత ముసలితనంలో రావణుడి రథానికి అడ్డం తిరిగాడు. సంపాతి రెక్కలు కాలి కొండ మీద కూలబడి కూడా సీతమ్మ లంకలో ఉందని జాడ చెప్పాడు. నలుడి హంస పైసా కమీషన్ తీసుకోకుండా సంబంధం కుదిర్చింది. మాయల ఫకీరు చిలకదైతే ఇంకా పెద్ద బాధ్యత. ఏడు సముద్రాల అవతల కూర్చుని ఒకడి ప్రాణం మొత్తం తన ఒంట్లో దాచుకుంది. ఆ కథ విన్న కొత్తలో మా వీధికొచ్చే చిలక జోస్యం ఆయన పంజరం దగ్గరికి వెళ్లి, ఇందులో ఎవరి ప్రాణం ఉందో ఏమో అని దూరంగా నిలబడి చూసేవాణ్ని. అది చీటీ తీయబోతుంటే నాకు కాళ్లు వణికేవి.

గండభేరుండం సంగతి చెప్పనా? అసలు పుట్టని పక్షి. ఒక ఒళ్లు, రెండు తలలు. జానపద కథల్లో వీరుణ్ని వీపు మీదెక్కించుకుని సముద్రాలు దాటించింది, అక్కడితో రిటైరవ్వలేదు. కర్ణాటక ప్రభుత్వ ముద్రలో ఉంది, వాళ్ల ఆర్టీసీ బస్సు మీద ఉంది. అంటే పుట్టని పక్షి బెంగళూరులో రాత్రి బయల్దేరి పొద్దున్నే హైదరాబాద్‌లో దిగుతోంది. పుట్టిన మీరు శంషాబాద్ దాకా రాలేకపోయారు.

ఫోన్లో మాత్రం పొద్దున్నుంచి తెగ కనిపించారు. మీరంటే మీరే అని కాదు. మా బాబాయి పంపిన దసరా శుభాకాంక్షల్లో ఎర్ర ముక్కు లకుముకి పిట్ట ఉంది. ఇంకెవరో అమెరికా అడవుల్లో తిరిగే నీలం జే పక్షిని పంపారు. ఈ ఏడాది కొత్త సరుకు, కంప్యూటర్ గీసిన పాలపిట్ట. ఒళ్లంతా ట్యూబులైటు నీలం, నెత్తిన బంగారు కిరీటం, తోకలో నెమలి కన్నులు, వెనకాల కోట, ముక్కున జమ్మి కొమ్మ అనుకుని పెట్టిన వేప కొమ్మ. బాగానే ఉంది. చందమామ కథలో అయితే నేనూ ముచ్చటపడేవాణ్ని. మా పాప దాన్ని స్క్రీన్ మీద పెట్టుకుంది.

సరే, అవుటర్ రింగు దాటి పొలాలు వెతుక్కుంటూ పోయాం. వెంచర్ తర్వాత వెంచర్. ఒకదాని ఆర్చి మీద రెండు సిమెంటు హంసలు మెడలు కలుపుకుని నిలబడ్డాయి. లోపల చెట్టన్నది లేదు, సరిహద్దు రాళ్లున్నాయి. వాచ్‌మన్‌ను మీ గురించి అడిగితే, "ప్లాటు చూడ్డానికొచ్చారా?" అన్నాడు. మామయ్యగారు గజం రేటు అడిగి మరీ వచ్చారు.

చీకటి పడబోతుండగా గుడి దగ్గర ఆగాం. జమ్మి చెట్టు చుట్టూ జనం. గేటు పక్కన ఒకతను చువ్వల బోను మీద ఎర్రగుడ్డ కప్పుకుని కూర్చున్నాడు. యాభై రూపాయలిస్తే గుడ్డ ఎత్తుతాడు. "దర్శనం, దర్శనం" అని కేకలు. శీఘ్ర దర్శనం టికెట్టు పెట్టకపోవడం ఒక్కటే లోటు. మామయ్యగారు నోటు తీశారు. గుడ్డ లేచింది.

మీరే. రెండు కాళ్లకూ కలిపి దారం. రెక్క ఈకలు సగానికి కత్తిరించి, మిగిలినవి జిగురు పూసి ఒంటికి అంటించేశారు. ఇక నీలం ఎక్కడ కనిపిస్తుంది, రెక్క విప్పితే కదా. ముక్కు తెరుచుకుని రొప్పుతున్నారు. మామయ్యగారు చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు. పాప వంగి చూసి, "ఇది పాలపిట్ట కాదు తాతయ్యా, పాలపిట్టకి కిరీటం ఉంటుంది" అంది. "సరిగ్గా చూడమ్మా" అన్నారాయన. అంతలో టైమైపోయిందని అతను గుడ్డ కప్పేశాడు.

ఏం బతుకే నీది? రాముడికి ఎదురొచ్చిన పిట్ట తన పని మీద తాను పోతోంది. దానికి యుద్ధం తెలియదు, ముహూర్తం తెలియదు, ఏ మిడత కోసమో వాలి ఉంటుంది. పిలవకుండా వచ్చింది గనకే దాన్ని మంచి శకునం అన్నారు. కాళ్లు కట్టేసి, కడుపు మాడ్చి, గుడ్డ కింద కూర్చోబెట్టి, యాభై తీసుకుని చూపిస్తే అది శకునమా? డబ్బిచ్చి రాయించుకున్న మెడికల్ సర్టిఫికెట్టు! దాన్ని పట్టుకుని ఏడాదంతా విజయమే అనుకుంటూ ఇంటికి పోవడం! పండగ దాటాక ఆ బోన్లోవాటి గతేమిటో అడిగే నాథుడు లేడు. జిగురు పూసిన రెక్కతో వదిలేస్తే ఎగరలేవు, ఎగరలేనిది మిడతను పట్టలేదు, తర్వాత సంగతి కుక్కలు చూసుకుంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నిన్ను పట్టడం నేరం, బోన్లో పెట్టడం నేరం. రాష్ట్ర పక్షిని పెద్ద పండగ నాడు గుడి గేటు దగ్గర నిమిషాల లెక్కన అద్దెకిస్తుంటే, బందోబస్తుకొచ్చిన పెద్దమనిషి టోపీ చంకలో పెట్టుకుని తనూ ఒకసారి గుడ్డ ఎత్తించుకున్నాడు. ఆయనకు ఫ్రీ.

బోను పెట్టినవాణ్ని ఒక్కణ్నే తిట్టి ఏం లాభం, యాభై పట్టుకున్నవాళ్ల వరస జమ్మి చెట్టు దాకా ఉంది. నువ్వు బయట దొరికితే వాడి దగ్గరికి ఎవరొస్తారు? దొరకడానికి నీకు చోటేది? మిడతల కోసం కాపు కాసే చేలు గజాల్లోకి మారిపోయాయి. నువ్వు గుడ్లు పెట్టుకునే తాటి మోడును జేసీబీ పీకేసింది, పనికిరాని మోడే కదా అని. దేశంలో పక్షుల పరిస్థితి మీద 2023లో వచ్చిన నివేదికలో, దీర్ఘకాలంలో 30 శాతానికి పైగా తగ్గిపోయినవాటిలో నీ పేరుంది. నెమలి బాగా పెరిగిందని కూడా అందులోనే ఉంది. కిరీటం ఉన్నవాళ్లకు ఎప్పుడూ ఢోకా లేదు.

నాకింకా మండే విషయం వేరే ఉంది. ఏ పండగా పబ్బం లేని ఫిబ్రవరి మధ్యాహ్నం, చేవెళ్ల దాటాక బస్సు ఆగితే, కిటికీకి ఎదురుగా తీగ మీద కూర్చుని ఉన్నావు. మట్టి రంగు ఒళ్లు, లావు తల, అచ్చం పని లేక కూర్చున్నట్టు. కింద శనగ చేను. ఉన్నట్టుండి తీగ మీంచి జారినట్టు దిగావు, రెక్క విప్పావు. లేత నీలం, దాని పక్కనే ముదురు నీలం, మళ్లీ లేత నీలం. నేల దాకా ఆ రంగు ఒక్క గీతలా దిగింది. మిడతను ముక్కున పట్టుకుని మళ్లీ అదే తీగ మీదికొచ్చి, దాన్ని అటూ ఇటూ బాది మింగేసి, రెక్క ముడిచి, మళ్లీ మట్టి రంగు. బస్సులో ఎవరూ చూడలేదు. కండక్టర్ చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు. నాకు మాత్రం ఆఫీసుకెళ్లాక కూడా చాలాసేపు ఆ రంగే కళ్ల ముందుంది. కథల్లో పక్షులన్నీ కలిపి నాకంత పని చేయలేదు. తర్వాత నోరు తెరిచి కర్ కర్ మని అరిచావనుకో. కవులంతా నిన్నొదిలేసి కోయిల వెంట ఎందుకు పడ్డారో అప్పుడు తెలిసింది.

కాబట్టి తమకు మనవి చేసుకునేదేమంటే, వచ్చే దసరాకూ రాకండి. గుడి చుట్టుపక్కలకు అసలే రాకండి. మామయ్యగారికి నేను సర్దిచెప్పుకుంటాను. మోకాలు సహకరిస్తే ఫిబ్రవరిలో ఆయన్నీ పాపనీ అదే బస్సెక్కిస్తాను. ఆ రోజు మాత్రం సెలవు పెట్టకండి. పాప కిరీటం అడుగుతుంది. మీరొక్కసారి రెక్క విప్పండి చాలు, మిగతాది నేను మాట్లాడుకుంటాను.

ఇట్లు,
తీగలు చూసి చూసి మెడ పట్టేసిన
మీ ప్రజల్లో ఒకడు

తా.క.: మా బాల్కనీలో ఏసీ డబ్బా వెనకాల పావురాలు కాపురం పెట్టాయి. పండగ లేదు, ఆదివారం లేదు, తెల్లవారుజాము నుంచే హాజరు. వల కట్టేవాడు "దారిలో ఉన్నా సార్" అంటాడు, రాడు. కనిపించడమే అర్హత అయితే రాష్ట్ర పక్షి పదవి వాటికే ఇవ్వాలని మా అపార్టుమెంటు మీటింగులో ఒకాయన అన్నాడు, ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు. మీ కుర్చీ సంగతి మీరే చూసుకోండి.