ఊరూ పేరూ వినని కాలేజీలో

మా అక్క కూతురు అమెరికాలో డిగ్రీ చదవడానికి వెళ్తోందనగానే చుట్టాల్లో సగం మంది అడిగింది ఒకటే: "ఆ కాలేజీ పేరెప్పుడూ వినలేదే, అసలుదేనా?" వాళ్లని తప్పు పట్టలేం. 2011లో కాలిఫోర్నియాలో బోగస్ అని తేలిన ట్రైవ్యాలీ యూనివర్సిటీ, వీసా మోసాలు పట్టుకోడానికి మిషిగన్‌లో అమెరికా ప్రభుత్వమే వల పన్ని నడిపిందని 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ, రెండుసార్లూ ఎక్కువగా దెబ్బతిన్నది మన తెలుగు పిల్లలే. అప్పట్నుంచి పేరు తెలియని కాలేజీ అంటే బోగస్ అని మన లెక్క.

కానీ అక్కడ చిన్న కాలేజీ అంటే నాసిరకం అని అర్థం కాదు. లిబరల్ ఆర్ట్స్ కాలేజీలంటారు. పిల్లలు రెండు వేలకు అటూ ఇటూ, పీజీ కోర్సులు దాదాపు ఉండవు, పాఠం చెప్పేదీ పేపరు దిద్దేదీ ప్రొఫెసరే. మిన్నెసోటాలోని మెకాలెస్టర్ అలాంటిదే. 1959లో ఘనా నుంచి కోఫీ అన్నన్ అనే కుర్రాడు అక్కడికొచ్చి 1961లో ఎకనామిక్స్‌లో పట్టా తీసుకున్నాడు. ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ అయ్యాక కూడా ఆయన ఒక సంగతి చెబుతుండేవారు. చలికి పొరలు పొరలుగా బట్టలు తొడుక్కున్నా, చెవులకు పెట్టుకునే ఇయర్ మఫ్స్ మాత్రం చూడ్డానికి బాగోవని ససేమిరా అన్నారట. ఒకరోజు తిండి కోసం బయటికెళ్తే చెవులు ఊడిపోయినంత పనైంది, వెంటనే వెళ్లి దొరికినవాటిలో పెద్ద జత కొనుక్కున్నారట.

స్థానికుల కంటే మనకే ఎక్కువ తెలుసనుకోకూడదని ఆయన ఈ కథ చెప్పేవారు. నాకు ఇందులో కనిపించేది ఇంకోటి. పెద్ద యూనివర్సిటీకి వెళ్లే మన పిల్లలకు విమానం దిగేసరికి సీనియర్లు కారుతో రెడీ, రూములో కుక్కర్ రెడీ, ఏ కోటు ఎక్కడ కొనాలో వాట్సాప్ గ్రూపులో రెడీ. చిన్న కాలేజీలో మనవాళ్లు ముగ్గురుంటే గొప్ప. అన్నీ ఎవరి చెవులు వాళ్లు కాల్చుకునే నేర్చుకోవాలి, సారీ, గడ్డకట్టించుకుని.

మా అక్క కూతురికి ఆ సంగతి నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ సెలవుల్లో తెలిసొచ్చింది. బుధవారం సాయంత్రానికి హాస్టల్ ఖాళీ, మెస్ బంద్, ఊళ్లో బస్సు లేదు, దగ్గర్లో ఉన్నదల్లా ఒక పెట్రోల్ బంకు, దాని పక్కన పిజ్జా కొట్టు. నాలుగు రోజులు ఆవకాయ, బ్రెడ్డుతో నెట్టుకొచ్చింది. ఆదివారం కెమిస్ట్రీ మేడమ్‌కి తెలిసి, ముందే ఎందుకు చెప్పలేదని కేకలేసి ఇంటికి తీసుకెళ్లిందట. తిండి పెట్టే ఏర్పాటు లేనిదీ, తిండి లేదని తెలిస్తే వచ్చి తీసుకెళ్లే మనిషున్నదీ ఒకే కాలేజీలో.

డబ్బు దగ్గర ఇంత ఆప్యాయత ఉండదు. విదేశీ పిల్లలకు సీటిచ్చేటప్పుడే ఫీజు కట్టగలరా అని చాలా కాలేజీలు చూస్తాయి, అది చూడకుండా సీటిచ్చే ఆమ్‌హెర్స్ట్ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పని చేసుకుందామంటే ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే, అదీ క్యాంపస్‌లోనే. చదువయ్యాక ఇంకో తిరకాసు. మామూలు ఎకనామిక్స్ డిగ్రీకి ఓపీటీ, అంటే చదివినదానికి తగ్గ ఉద్యోగం అక్కడే చేసుకోనిచ్చే అనుమతి, ఏడాదే. అవే పాఠాలను కాలేజీవాళ్లు, ప్రభుత్వం ఒక్కో కోర్సుకి ఇచ్చే కోడ్ నంబర్లలో ఎకనామెట్రిక్స్ (లెక్కలతో చేసే ఎకనామిక్స్) కింద చూపిస్తే, సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సులకిచ్చే స్టెమ్ పొడిగింపుతో కలిపి మూడేళ్లు. ఒక్క అంకె మీద రెండేళ్ల బతుకు ఆధారపడుతుంది, చేరే ముందు దాన్ని అడిగేవాళ్లు ఎంతమంది?

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది వేరే ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో 1868లో పెట్టిన వెల్స్ కాలేజీ, ఆ సెమిస్టర్‌తో మూసేస్తున్నామని 2024 ఏప్రిల్ ఆఖర్లో చెప్పింది. బోగస్ కాదు, ఒకటిన్నర శతాబ్దం నడిచిన కాలేజీ. జననాలు తగ్గి పిల్లలు రావడం లేదు, ఖర్చులు ఆగడం లేదు, ఇలా మూతపడేవి ఏటా కొన్ని ఉంటున్నాయి. అక్కడి పిల్లలకు అది కాలేజీ మారడం. బయటి దేశం పిల్లలకైతే గడువులోగా సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల వివరాలు ప్రభుత్వం దగ్గరుండే ఖాతా) ఇంకో కాలేజీకి బదిలీ కాకపోతే వీసా హోదాయే పోతుంది.

అందుకే కాలేజీ ఆదాయ వ్యయాల లెక్కలు దొరుకుతాయి, ఒకసారి చూడమని మా బావకి చెప్పాను. చూస్తాలే గానీ, ర్యాంకు ఎంతో చెప్పు అన్నాడు.