రిపోర్టు ఇచ్చేసి పొమ్మంటే ఎలా?

చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సరో అండాశయ క్యాన్సరో వచ్చినవాళ్లను జన్యు పరీక్ష చేయించుకోమని డాక్టర్లు చెప్పడం పెరిగింది. మంచిదే. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇచ్చిన రక్తం పెద్ద నగరంలోని ల్యాబుకు వెళ్తుంది. కొన్ని వారాలకు పేజీల కొద్దీ ఇంగ్లీషు రిపోర్టు వస్తుంది. దాన్ని విప్పి చెప్పే మనిషి మాత్రం చాలాసార్లు ఉండరు. మా అభ్యంతరం అక్కడే.

బీఆర్‌సీఏ-1, బీఆర్‌సీఏ-2 అనేవి రెండు జన్యువులు. రిపోర్టులో వాటిలో లోపం ఉందంటే క్యాన్సర్ వచ్చేసిందని కాదు. బీఆర్‌సీఏ-1 లోపం ఉన్న మహిళల్లో నూటికి 55 నుంచి 72 మందికి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్, 39 నుంచి 44 మందికి అండాశయ క్యాన్సర్ రావచ్చని అంచనా. బీఆర్‌సీఏ-2 అయితే రొమ్ముకు 45 నుంచి 69, అండాశయానికి 11 నుంచి 17. పెద్ద అంకెలే. కానీ చేయగలిగింది కూడా చాలా ఉంది. పాతికేళ్ల వయసు నుంచి ఏటా రొమ్ము ఎంఆర్‌ఐ, ముప్పై దాటాక దానికి తోడు మామోగ్రామ్ తీయించుకుంటే గడ్డను తొలి దశలోనే పట్టుకోవచ్చు.

అండాశయాల సంగతి వేరు. వాటిలో క్యాన్సర్‌ను ముందే పట్టే నమ్మకమైన పరీక్ష ఇంకా లేదు. అందుకే పిల్లలు పుట్టాక, బీఆర్‌సీఏ-1 ఉన్నవాళ్లు 35-40 ఏళ్ల మధ్య అండాశయాలు, ఫెలోపియన్ ట్యూబులు తీయించుకోవడం మేలంటారు. ఇక్కడే మన దగ్గర పెద్ద గందరగోళం. గర్భసంచి తీసివేత ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందుంటుంది. 'నాకెప్పుడో ఆపరేషన్ అయిపోయింది' అని ధీమాగా ఉన్న మహిళకు అండాశయాలు అలాగే ఉండి ఉండొచ్చు. ఆపరేషన్ కాగితం చూస్తేగాని తెలియదు. మరోవైపు, రిపోర్టు చూపించి తొందరపెట్టి అవసరం లేని ఆపరేషన్ అంటగట్టే ప్రమాదమూ ఉంది. హాని చేస్తాయో లేదో తేల్చని మార్పులని ల్యాబులు రాసేవి మన రిపోర్టుల్లో ఎక్కువే, ఎందుకంటే పోల్చి చూసే సమాచారంలో ఎక్కువ భాగం ఐరోపా మూలాలవారిది. అలాంటి రిపోర్టును పట్టుకుని శరీరంపై కత్తి పెట్టకూడదు.

ఈ ఫలితం ఒక్కరిది కాదు. తల్లి నుంచైనా తండ్రి నుంచైనా లోపం బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం, ఆడైనా మగైనా. లోపం బయటపడిన మహిళ చెల్లెలు రాజాంలో, తమ్ముడు గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల పడవ మీద ఉంటారు. ఆ తమ్ముడికీ ప్రొస్టేట్ ముప్పు ఉండొచ్చు, అతని కూతురికీ లోపం వెళ్లొచ్చు. మేనరికంలో భార్యాభర్తలిద్దరికీ బీఆర్‌సీఏ-2 లోపం ఉంటే, బిడ్డకు ఫాంకోనీ ఎనీమియా అనే తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

అయినా చాలామంది నోరు విప్పరు. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని భయం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు పేరు చెప్పి సంబంధాలకు వెనకాడిన రోజులు చూసినవాళ్లం కాబట్టి ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. రిపోర్టు ఎవరికి చెప్పాలో ఆమె ఇష్టం. ఎలా చెప్పాలో మాత్రం ఆమెకు ఎవరైనా నేర్పాలి. ఇక బీమా టెన్షన్. జన్యు లోపాల పేరుతో క్లెయిములు తిరస్కరించొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018లో కంపెనీలకు చెప్పింది. జన్యు లోపాల పేరుతో వివక్ష చూపకుండా అమెరికాలో 2008లో తెచ్చినటువంటి ప్రత్యేక చట్టం మాత్రం మనకు లేదు. తేవాలి.

విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. దాని సాయంతో శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల్లో వారానికి ఒక రోజైనా శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను కూర్చోబెట్టాలి. రిపోర్టు తెలుగులో వివరించి, తర్వాతి ఎంఆర్‌ఐ తేదీ చేతిలో పెట్టి పంపాలి. ఇచ్ఛాపురం నుంచి ఏటా ఆ పరీక్షకు విశాఖ వెళ్లే మహిళకు ఒక రోజు కూలీ పోతుంది. ఆరోగ్య శాఖ ఆ లెక్కా వేసుకోవాలి.