మొహం చూసి రిపోర్ట్ ఇచ్చే మేధావులు

యూనివర్సిటీ చుట్టుపక్కల ఉన్న బ్లడ్ టెస్ట్ ల్యాబులన్నీ వెంటనే మూసేయాలని సవినయంగా మనవి చేసుకుంటున్నా. సూదులు, ట్యూబులు, మైక్రోస్కోపులు అన్నీ దండగ ఖర్చు. మన స్టూడెంట్స్‌కి మొహం చూసి సుఖవ్యాధి లేదని తేల్చేసే విద్య అబ్బింది (దానికి సుఖవ్యాధి అని పేరు పెట్టిన మహానుభావుడికి అందులో సుఖం ఎక్కడ కనిపించిందో మరి). "ఛఛ, చూస్తే అలా లేరు మామా, నీట్‌గా ఉంటారు" అంటే చాలు, రిపోర్ట్ చేతికొచ్చేసినట్టే. క్లమీడియా అనే సుఖవ్యాధి వచ్చిన చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, సిఫిలిస్ మొదట్లో వచ్చే పుండు మామూలుగా నొప్పి కూడా పెట్టదు, కొన్ని వారాలకి దానంతటదే మానిపోతుంది, రోగం మాత్రం లోపలే కాపురం పెడుతుంది. టెస్ట్ చేస్తే గానీ డాక్టర్ చెప్పలేనిది మావాళ్ళు డీపీ చూసి చెప్పేస్తారు.

తెలీక అనుకునేరు. అవేర్‌నెస్ క్లాస్ పెట్టి పేపర్ ఇవ్వండి, దోమ కుడితే హెచ్‌ఐవీ వస్తుందా, రాదు, కండోమ్ వాడితే రిస్క్ తగ్గుతుందా, తగ్గుతుంది, పదికి పది. శనివారం రాత్రికి మాత్రం ఆ సిలబస్ వర్తించదు, అప్పుడు నడిచేది "ఒక్కసారికి ఏం కాదులే" సిద్ధాంతం, అంటే ఫస్ట్ టైమ్ వచ్చినవాళ్ళని వైరస్ చుట్టంలా చూసుకుని పంపించేస్తుందన్నమాట.

మా రూమ్మేట్ ముందుజాగ్రత్త కలవాడు. పర్సులో ఒక కండోమ్ ఉండేది, రెండేళ్ళుగా అదే. పర్సు తోలు మీద గుండ్రంగా అచ్చు పడిపోయింది, ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ డేట్ అరిగిపోయింది. వేడికీ రాపిడికీ లేటెక్స్ పాడవుతుందిరా అంటే "సీల్ తియ్యలేదు కదా" అన్నాడు. ఫోన్‌కి మాత్రం టెంపర్డ్ గ్లాస్, దాని మీద పౌచ్. ఇంకొకడు డబుల్ సేఫ్టీ అని ఒకదాని మీద ఒకటి వేస్తాడట, రెండూ రాసుకుని చిరిగే ఛాన్స్ పెరుగుతుందని చెప్తే నన్ను అసూయపరుడిలా చూశాడు. అసలేమీ వద్దు, టైమ్‌కి బయటికి తీసేస్తే చాలు అనే వర్గం వేరే ఉంది, ఆ పద్ధతి నమ్ముకున్న జంటల్లో ఏడాదిలో నూటికి దాదాపు 20 మందికి గర్భం వస్తుంది. ఇదే సప్లీ లెక్క అయితే భయపడేవాళ్ళు.

ఇక 72 గంటలు. కలయిక తర్వాత గర్భం రాకుండా వాడే ఎమర్జెన్సీ పిల్ 72 గంటల్లోపు వేసుకోవాలని అందరికీ కంఠతా వచ్చు, ఎంత త్వరగా వేస్తే అంత మేలన్నదీ, అది సుఖవ్యాధుల్ని ఆపదన్నదీ ఎవరికీ గుర్తుండదు. హెచ్‌ఐవీకీ ఒక 72 గంటలున్నాయి, ఆలోపు పెప్ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ఇన్ఫెక్షన్ అంటుకోకుండా ఆపే అవకాశం చాలా ఎక్కువ. ఆ మూడు రోజులూ మనోడు ఏం చేస్తాడంటే, మొదటి రోజు సెర్చ్ హిస్టరీ డిలీట్ చేస్తాడు, రెండో రోజు దేవుడితో అగ్రిమెంట్ రాసుకుంటాడు, మూడో రోజు సీనియర్‌ని అడుగుతాడు, అదీ "నా ఫ్రెండ్‌కి అన్నా" అని. నాలుగో రోజు టెస్ట్ చేయించుకుని నెగెటివ్ అని పార్టీ ఇస్తాడు. ల్యాబ్‌లో చేసే కొత్త తరం టెస్టుకైనా వైరస్ దొరకడానికి 18 నుంచి 45 రోజులు పడుతుందని ఆ పార్టీలో చెప్పి మూడ్ పాడుచేసింది నేనే.

దానికి వాడు కూల్‌డ్రింక్ కింద పెట్టి, "ఇంతకీ నువ్వెప్పుడు చేయించుకున్నావ్?" అన్నాడు.

నేనా? నన్ను చూస్తే అలా కనిపిస్తున్నానా అండీ?