739 కాయలు, మూడు వాటాలు

(అమలాపురం దగ్గర ఓ ఊరు. పొద్దున్నే దింపు అయిపోయింది. పెరట్లో కొబ్బరికాయల రాశి. పక్కన రిటైరైన లెక్కల మాస్టారు సుబ్బారావు, ఆయన భార్య వెంకటలక్ష్మి.)

వెంకటలక్ష్మి: ఏవండీ, 739 కాయలు తేలాయి. ముగ్గురమ్మాయిలకీ సమానంగా వాటాలు వేయండి. ఆటో అబ్బాయి గుమ్మంలో ఉన్నాడు.

సుబ్బారావు: 739 అన్నావా? ఆహా! దీన్ని పంచకూడదే. ఇది ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప దేంతోనూ తెగదు.

వెంకటలక్ష్మి: తెగకపోతే కత్తి ఉంది.

సుబ్బారావు: విను. దీని వెనక 39133 తగిలించు. (గోడ మీద సుద్దముక్కతో రాస్తూ) 73939133!

వెంకటలక్ష్మి: ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల ముప్ఫై తొమ్మిది వేల నూట ముప్ఫై మూడు! ఎవరికి బాకీ పడ్డారండీ?

సుబ్బారావు: బాకీ కాదే! ఇదీ ప్రధాన సంఖ్యే. కుడిచివర 3 చెరిపేయి, 7393913. అదీ ప్రధానమే. ఇంకో అంకె చెరిపితే 739391. తర్వాత 73939, 7393, మన 739, 73, ఆఖరికి 7. ఒక్కటీ తెగదు!

వెంకటలక్ష్మి: 739 నుంచి 73కి దిగిపోయారు. మధ్యలో 666 కాయలు ఎవరికి అమ్ముకున్నారు?

సుబ్బారావు: చెరిపింది అంకెని, కాయల్ని కాదు! ఇలా చెరుపుకుంటూ పోయినా చివరిదాకా ప్రధానంగానే నిలిచేవి మొత్తం 83. వాటన్నిట్లోకీ పెద్దది ఇదే. దీని వెనక ఇంకో అంకె పెట్టావా, పని చెడుతుంది.

వెంకటలక్ష్మి: ఒకటి పెడతాను. ఏం చెడుతుందో చూస్తాను.

సుబ్బారావు: దీని అంకెల మొత్తం 38. ఒకటి కలిస్తే 39, మూడుతో పోతుంది. 7 పెడితే 45, అదీ మూడుతోనే. సరి అంకె పెడితే రెండుతో పోతుంది, 5 పెడితే ఐదుతో. 3, 9 పెడితే మాత్రం కారకం కోసం కాస్త చెమటోడ్చాలి గానీ, అవీ నిలవవు. వంశం అక్కడితో ఆగిపోయింది.

వెంకటలక్ష్మి: ముగ్గురూ ఆడపిల్లలే అయ్యారని మీ అమ్మగారూ ఇదే మాట అనేవారు.

సుబ్బారావు: మధ్యలో అమ్మనెందుకు లాగుతావ్?

వెంకటలక్ష్మి: సరే, 739లో ఎడమపక్క 7 చెరపండి.

సుబ్బారావు: ...39.

వెంకటలక్ష్మి: పదమూడు మూళ్ల?

సుబ్బారావు: (గొణుగుతూ) ముప్ఫై తొమ్మిది. అసలు ఎడమపక్క నుంచి చెరపమని ఎవడు చెప్పాడు నీకు?

వెంకటలక్ష్మి: అంటే ఒక పక్క నుంచి చూస్తేనే పెద్దమనిషన్నమాట. ఏదీ, ఆ పెద్దకాయ ఇటివ్వండి.

సుబ్బారావు: ఎందుకే?

వెంకటలక్ష్మి: అయినవిల్లి వినాయకుడికి. ఇప్పుడు 738. అంకెల మొత్తం ఎంత మాస్టారూ?

సుబ్బారావు: పద్దెనిమిది.

వెంకటలక్ష్మి: మూడుతో పోయినట్టే. ఒక్కోళ్లకి 246. ఎక్కించండి ఆటోలోకి.

సుబ్బారావు: నిక్షేపంలాంటి ప్రధాన సంఖ్యని పాడుచేశావు కదే!

వెంకటలక్ష్మి: ముందు గోడ మీద ఆ ఏడు కోట్లు చెరపండి. పెద్దల్లుడు వస్తున్నాడు. చూశాడంటే మన దగ్గర నిజంగానే అంతుందనుకుంటాడు.

సుబ్బారావు: చెరుపుతాలే. కుడిపక్క నుంచి.