అమెరికా వీసా ఉంటే స్విట్జర్లాండ్ ఫ్రీ అట!

ఎండాకాలం సెలవులు దగ్గర పడ్డయంటే చాలు, ఆ మెసేజ్ మళ్ల లేస్తది. "స్విట్జర్లాండ్ తక్కువ ఖర్చుల చూసొచ్చే తొమ్మిది సీక్రెట్లు, ఏజెంట్లు మీకు చెప్పరు" అని, పైన మంచుకొండ ఫోటో, కింద "కనీసం పది మందికి పంపండి". కాలనీ గ్రూపుల వచ్చింది, స్కూల్ బ్యాచ్ గ్రూపుల వచ్చింది, ఆఖరికి పెండ్లి పనుల కోసం పెట్టిన గ్రూపుల కూడా వచ్చింది. అప్పటిదాక ఊకున్న. హన్మకొండల ఉండే మా బావ అదే మెసేజ్ పంపి "నిజమేనా" అని అడగకుండ "టికెట్లు బుక్ చేస్తున్నం" అన్నడు, ఇగ ఊకునుడు కాలే.

మొదటి సీక్రెట్ చూడండి. "అమెరికా వీసా ఉన్నోళ్లకు స్విట్జర్లాండ్ వీసా అక్కర్లేదు, పిల్లల దగ్గరికి పోయేటప్పుడు జ్యూరిక్‌ల దిగి మూడు రోజులు తిరిగి పోవచ్చు." ఇది మన దగ్గరనే ఎందుకు ఇంత తిరుగుతదో తెల్సు. సుబేదారి నుంచి నయీంనగర్ దాక ఏ గల్లీకి పోయినా డల్లాస్‌ల కొడుకో న్యూజెర్సీల బిడ్డో ఉన్న ఇల్లు ఒకటి తగులుతది, అమ్మానాన్నల పాస్‌పోర్టుల పదేండ్ల విజిటర్ వీసా ఉంటది, ఎట్లాగూ అటే పోతున్నం కదా అనిపిస్తది. కానీ మన పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా, అంటే స్విట్జర్లాండ్ తోటి యూరప్‌ల చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకటే వీసా, కావాల్సిందే. గ్రీన్‌కార్డ్ ఉన్నా కావాలె. హెచ్1బీ ఉద్యోగ వీసా మీదున్న కొడుక్కి కూడా కావాలె, ఆయన అక్కడ్నే అప్లై చేసుకోవాలె. అమెరికా వీసా చూసి రానిచ్చే దేశాలు కొన్ని ఉన్నయి, జార్జియా లాంటివి, స్విట్జర్లాండ్ వాటిల లేదు. ఎయిర్‌పోర్టు లోపల్నే ఉండి ఇంకో విమానం ఎక్కుడు వేరే ముచ్చట, బయటికొచ్చి రైలెక్కి కొండలు చూసుడు వేరే ముచ్చట, ఈ మెసేజ్ రాసినాయన రెండిటిని కలిపేసిండు. నమ్మి పోతే జ్యూరిక్ దాక కూడా పోరు, శంషాబాద్‌ల చెక్-ఇన్ కౌంటర్ కాడనే ఆపుతరు, వీసా లేనోళ్లను ఎక్కించుకుంటే ఎయిర్‌లైన్‌కే ఫైన్ పడతది మరి.

రెండోది సగం నిజం, అందుకే ఇంకా ఎక్కువ ముంచుతది. "షెంగెన్ అంటే అన్నీ ఒకటే, స్లాట్ ఎక్కడ దొరికితే ఆ దేశానికి అప్లై చేసి సీదా స్విట్జర్లాండ్ పోండి." వీసా వచ్చినంక షెంగెన్ దేశాలన్నీ తిరగొచ్చు, నిజమే. కానీ అప్లై చేసేది ఎక్కడ ఎక్కువ రోజులు ఉంటరో ఆ దేశానికి, రోజులు సమానమైతే మొదలు అడుగు పెట్టే దేశానికి. లిథువేనియా ప్రోగ్రాం అని కాగితాలు పెట్టి, హోటల్ బుకింగులు మాత్రం స్విట్జర్లాండ్ ఊరు ఇంటర్‌లాకెన్‌ల పట్టుకొని బార్డర్ కాడ నిలబడితే ఆఫీసర్ అడుగుతడు, జవాబు నచ్చకుంటే వీసా అక్కడ్నే క్యాన్సిల్ చేసే అధికారం ఉంటది. అపాయింట్‌మెంట్ స్లాట్ల బాధ ఉన్నది, కాదనను. దానికి మందు ముందుగల్ల అప్లై చేసుడే, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటరు. స్విస్ అప్లికేషన్ హైదరాబాద్‌ల వీసా కాగితాలు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్‌ల ఇచ్చుకోవచ్చు, ఇచ్చుడా ఆపుడా అనేది ఎంబసీ చేతుల ఉంటది. "మా ఏజెంట్‌కు లోపల మనిషి ఉన్నడు" అనేటోనికి ఒక దండం.

మూడు, నాలుగు, అయిదు ఒక్క గుక్కల. పాస్‌పోర్టుకు ఏడాది టైం ఉండాలె అన్నడు, అక్కర్లేదు, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలుంటే చాలు, పదేండ్ల లోపల ఇచ్చిందై ఉండాలె, రెండు పేజీలు ఖాళీగ ఉండాలె. అక్కడ యూరో నడుస్తది అన్నడు, చాలా షాపుల తీసుకుంటరు గని చిల్లర వాళ్ల స్విస్ ఫ్రాంకులల్ల ఇస్తరు, రేటు వాళ్లదే. ఇన్సూరెన్స్ మన ఇష్టం అన్నడు, కాదు, 30,000 యూరోల కవర్ లేకుంటే ఫైలే ముందుకు పోదు.

ఆరోది, "స్విస్ ట్రావెల్ పాస్ కొంటే దేశం మొత్తం ఫ్రీ, యుంగ్‌ఫ్రౌ కూడా." మొత్తం కాదు. రైళ్లు, బస్సులు, లూసర్న్ సరస్సుల పడవలు సరే, రిగి కొండ కూడా సరే. యుంగ్‌ఫ్రౌ మంచుకొండ కాడి యుంగ్‌ఫ్రౌయోక్ స్టేషన్‌కు మాత్రం పాస్ గ్రిండెల్‌వాల్డ్ దాకనో వెంగెన్ దాకనో చెల్లుతది, అక్కడ్నుంచి 3,454 మీటర్ల ఎత్తుకు పోయే అసలు టికెట్ మీద 25 శాతమే తగ్గిస్తరు. టిట్లిస్ కొండకు సగం తగ్గిస్తరు. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ అనే టూరిస్టు రైలుకు పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ పైసలు వేరేగ కట్టాలె. ఒక్క ఊర్లనే ఉండి ఒకటి రెండు పెద్ద కొండలే ఎక్కేటోళ్లు టికెట్లు సగం ధరకు ఇచ్చే హాఫ్ ఫేర్ కార్డ్ లెక్క కూడా వేసుకొని చూడండి. పదహారు నిండని పిల్లలకు అమ్మానాన్నల తోటి ఫ్యామిలీ కార్డ్ మీద ఫ్రీ, ఇంత మంచి ముచ్చట ఆ మెసేజ్‌ల లేనే లేదు. దాని బదులు "కారు కిరాయికి తీసుకొని జెర్మాట్ దాక పోండి" అని ఉన్నది. జెర్మాట్ ఊర్లకు పెట్రోల్ కార్లను రానియ్యరు స్వామీ, దానికి ముందటి ఊరు టేష్‌ల పార్క్ చేసి షటిల్ రైలెక్కాలె. హైవే ఎక్కాలంటే 40 ఫ్రాంకుల స్టిక్కర్ కూడా కావాలె.

ఇగ ఏడోది. దీని కోసమే ఇంతసేపు టైప్ చేస్తున్న. "బ్యాంకుల పైసలు లేకుంటే పరేషాన్ కావద్దు. అప్లై చేసే వారం ముందు అయిదు లక్షలు తెచ్చి అకౌంట్ల వేసుకోండి, స్టేట్‌మెంట్ తీసినంక వాపస్ ఇయ్యండి. వడ్డీకి ఇచ్చేటోళ్లు ఉంటరు, జీతం లెటర్ కూడా వాళ్లే చేసిస్తరు." ఆహా. అంటే ఎంబసీల కూసున్నోళ్లు స్టేట్‌మెంట్ ఆఖరి లైన్ ఒక్కటి చూసి శుభయాత్ర అంటరన్న మాట. వాళ్లు నెలల స్టేట్‌మెంట్ అడిగేదే అందుకు. నెలకు ముప్పై వేలు వచ్చి ఇరవై తొమ్మిది వేలు పోయే అకౌంట్ల ఒక మంగళవారం పొద్దుగాల అయిదు లక్షలు దిగితే ఎక్కడివని ఎవరైనా అడుగుతరు. పక్కన ఇన్‌కంటాక్స్ రిటర్న్ ఉంటది, అది ఇంకో కథ చెప్తది. ఇగ ఎవడో చేసిచ్చిన జీతం లెటర్ మీద నంబర్‌కు ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతరు, ఆ వడ్డీ వ్యాపారి బామ్మర్దా?

రిజెక్ట్ అయితే ఏమైతది, 90 యూరోల ఫీజే కదా పోయేది అంటున్నరు. అది ఎట్లాగూ రాదు, పోనీయండి. మీ వేలిముద్రలు, ఫోటో, రిజెక్ట్ చేసిన కారణం అన్నీ వీసా సిస్టంల అయిదేండ్లు ఉంటయి, షెంగెన్ దేశాలన్నీ చూస్తయి. దానికన్న పెద్ద దెబ్బ మనోళ్లు ఆలోచించనిది ఒకటున్నది. ఫ్యామిలీ టూర్ అంటే ఇంటర్ చదివే పిల్లగాన్ని కూడా తీసుకపోతరు కదా, నాన్న ఫైల్ పోతే పిల్లగాని ఫైల్ కూడా పోతది. నాలుగైదేండ్లకు వాడు బీటెక్ అయిపోయి ఎంఎస్‌కు యూకేకో కెనడాకో పెట్టుకుంటడు. ఆ ఫారాలల్ల "ఏ దేశమైనా మీకు వీసా నిరాకరించిందా" అని ప్రశ్న ఉంటది. అవును అని రాసి, నాన్న వారం రోజుల అప్పు కథ వాడు వివరించాలె. దాస్తే ఇంకా అన్యాయం, కెనడా అయిదేండ్లు, యూకే పదేండ్ల దాక రానియ్యకుండ చెయ్యొచ్చు. కొండ మీద ఒక ఫోటో కోసం పిల్లగాని చదువు తాకట్టు పెట్టే ఐడియాకు "సీక్రెట్" అని పేరు, కింద మూడు చప్పట్ల బొమ్మలు!

సక్కగ చేస్తే ఏముంది దీంట్ల? స్విస్ వాళ్లు మనిషికి రోజుకు సుమారు 100 ఫ్రాంకుల లెక్క చూస్తరు, నలుగురు పది రోజులంటే 4,000 ఫ్రాంకులు, మన పైసలల్ల నాలుగు లక్షల పైచిలుకు. అంత నిజంగ ఉంటే చూపెట్టండి. రిటైర్ అయినోళ్లు పెన్షన్ కాగితాలు, షాపు ఉన్నోళ్లు జీఎస్టీ, రిటర్నులు, భూమి ఉంటే పట్టాదారు పాస్‌బుక్ పెట్టండి. అమెరికా కొడుకే ఖర్చు పెడుతున్నడా, అదే రాసి ఆయన కాగితాలు జత చెయ్యండి. లేకుంటే ఇంకో ఏడాది ఆగండి, ఆ కొండలు ఎటూ పోవు.

ఎనిమిదోది చదివి నాకే నవ్వొచ్చింది, ఎందుకంటే అది కరెక్ట్. "వీసా రాకముందు ఫ్లైట్ టికెట్‌కు పైసలు కట్టకండి." అక్షరాల నిజం, రిజర్వేషన్ చూపెడితే చాలు, హోటళ్లు కూడా క్యాన్సిల్ చేసుకునేటివే పెట్టుకోండి. మా బావ తొమ్మిదిట్ల ఎనిమిది నమ్మి, ఈ ఒక్కటి వదిలిపెట్టిండు.

ఇగ ఆఖరిది, తిండి ఇంటి నుంచే తీసుకపోండి అని. అక్కడ హోటల్ బిల్లు చూస్తే ఆ మాటకు ఎదురు చెప్పబుద్ధి కాదు. సకినాలు, పల్లిపొడి, మామిడికాయ తొక్కు కట్టుకోండి. మెసేజ్‌ల రాసినట్టు చికెన్ పచ్చడి, ఇంటి నెయ్యి, పాలకోవ మాత్రం వద్దు, ఇండియా నుంచి మాంసం, పాలతోటి చేసినయి తీసుకపోనియ్యరు, కస్టమ్స్ వాళ్ల డబ్బాల వడతయి.