సవరణ: విమాన శిక్షణలో ఇన్‌స్ట్రక్టర్ కంట్రోల్స్ ఎప్పుడు తీసుకోవాలి?

‘విద్యార్థి తప్పు చేయగానే ఇన్‌స్ట్రక్టర్ కంట్రోల్స్ తీసేసుకోవాలి’ అని గత పోస్టులో ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: దిద్దుకునే వ్యవధి ఉన్నంతసేపూ నోటితో చెప్పాలి, అది అయిపోకముందే కంట్రోల్స్ తీసుకోవాలి.

ఆ వ్యవధి చాలావరకు ఎత్తును బట్టి ఉంటుంది. మూడు నాలుగు వేల అడుగుల మీద స్టాల్ (ముక్కు మరీ ఎత్తడంతో రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) ప్రాక్టీసులో ఒక రెక్క కాస్త వాలినా, ముక్కు దించమని చెప్పి చూడొచ్చు. స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ కిందికి పడిపోవడం) జారుతుంటే మాత్రం ఆగకుండా కంట్రోల్స్ తీసుకోవాలి. అదే ల్యాండింగులో, రన్‌వేకి పదిహేను అడుగుల పైన విద్యార్థి ముక్కు మరీ ఎత్తేస్తే, స్పీడు పడిపోతూ ఉంటుంది, మాటలకు టైం ఉండదు. అందుకే అక్కడ ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి యోక్ (విమానం స్టీరింగ్) పక్కనే, పాదాలు రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్స్ దగ్గరే సిద్ధంగా ఉంటాయి. అనుమానం వస్తే ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం) చేయడమే.

తీసుకునేటప్పుడు ‘ఐ హావ్ ది కంట్రోల్స్’ అని గట్టిగా అనాలి. విద్యార్థి ‘యూ హావ్ ది కంట్రోల్స్’ అని చేతులు వదలాలి, ఇన్‌స్ట్రక్టర్ తన మాట మళ్లీ చెప్పాలి. మరీ లాంఛనంలా ఉంటుంది కానీ, టెన్షన్‌లో యోక్‌ని బిగబట్టి వదలని వాళ్లుంటారు. ఈ తంతు ఎగరకముందే బ్రీఫింగులో మాట్లాడుకోవాలి.